గాలికీ కరెంటుకీ మధ్య ఒక గిటారు

గిటారు డొల్లలో ఎంత ఖాళీ ఉంచాలి? అమెరికాలో గిటార్లు చేసేవాళ్లూ, వాయించేవాళ్లూ, రికార్డు చేసేవాళ్లూ ఇరవై ఏళ్లకు పైగా ఈ ఒక్క ప్రశ్నతోనే కుస్తీ పట్టారు. ఖాళీ ఎక్కువైతే యాంప్ సౌండు పెంచగానే గిటారు కూత పెడుతుంది. మొత్తం పూడ్చేస్తే కూత పోతుంది, దాంతోపాటు కర్ర పలుకూ పోతుంది. 1936లో మొదలైన ఈ తర్జనభర్జన 1958లో ఒక కొలిక్కి వచ్చింది. పైపలక మీద వయొలిన్‌కున్నట్టు రెండు ఎఫ్ ఆకారపు రంధ్రాలు, లోపల అటూ ఇటూ ఖాళీ, నడుమ నిండు కర్ర. సెమీ అకౌస్టిక్ అని నేను చెప్పబోయేది ఈ గిటారు గురించీ, దానికి దారి తీసిన డొల్ల ఎలక్ట్రిక్ గిటార్ల గురించీ. మన దుకాణాల్లో పికప్ బిగించిన మామూలు గిటారుని కూడా ఇదే పేరుతో అమ్ముతారు. దాని కథ వేరు.

హైదరాబాదులో చిన్న రికార్డింగు గది నడుపుతాను. పాటల ట్రాకులు, ప్రైవేటు ఆల్బమ్‌లు, అప్పుడప్పుడు వీణ, మాండొలిన్ కచేరీలకు మైకులు పెట్టడం నా పని. నా సొంత గిటారు ఆ 1958 నమూనా మీద కొరియాలో చేసినది. దాని యాంప్ ముందు మైకు ఎక్కడ పెట్టాలా అని చూసిన ప్రతిసారీ, ఈ లెక్క నాకంటే ముందు ఎవరో తేల్చిపెట్టినదే అనిపిస్తుంది. ఆ ముందటివాళ్ల పని గురించి తెలుగులో ఒకచోట చెప్పాలనే ఈ ప్రయత్నం.

వెనక వరసలో గిటారు

1920లలో డాన్స్ బ్యాండ్లలో గిటారిస్టు పని తాళం నిలబెట్టడం. ట్రంపెట్లు, ట్రాంబోన్లు, సాక్సఫోన్లు, డ్రమ్స్ మధ్య అతని చెయ్యి కదలడం కనబడేదేగానీ ఏం వాయిస్తున్నాడో హాలు చివర కూర్చున్నవాళ్లకు అందేది కాదు. మిషిగన్ రాష్ట్రంలోని కలమజూలో ఉన్న గిబ్సన్ కంపెనీ దీనికి ముందు కర్రతోనే జవాబు వెతికింది. లాయిడ్ లోర్ అక్కడ పనిచేస్తున్న కాలంలో, 1922లో, ఎల్-5 అనే గిటారు వచ్చింది. వయొలిన్ చేసే పద్ధతిలో పైపలకను ఒంపుగా చెక్కి, గుండ్రటి రంధ్రానికి బదులు ఎఫ్ రంధ్రాలు పెట్టారు. శబ్దం పదునుగా ముందుకు వచ్చేది. తాళానికి అది సరిపోయింది. 1937లో కౌంట్ బేసీ బ్యాండులో చేరిన ఫ్రెడీ గ్రీన్ ఇలాంటి ఒంపు పలక గిటార్లనే వాడి, దాదాపు యాభై ఏళ్లు ఆ బ్యాండుకు వెన్నెముకగా నిలిచాడు. సోలో వాయించాలంటే మాత్రం కర్ర బలం ఒక్కటే చాలదు.

కరెంటు మొదట ఎక్కింది ఒళ్లో పెట్టుకుని వాయించే హవాయి గిటారుకి. లాస్ ఏంజిలిస్‌లో జార్జ్ బీచమ్, అడాల్ఫ్ రికెన్‌బాకర్ కలిసి 1932లో అమ్మకానికి తెచ్చిన వాద్యం పోతపోసిన అల్యూమినియంతో చేసింది. పెనంలా ఉందని దానికి ఫ్రైయింగ్ పాన్ అనే పేరు స్థిరపడింది. దాని పికప్‌లో గుర్రపునాడా ఆకారపు అయస్కాంతాలు, సన్నటి రాగి తీగ చుట్టిన కాయిల్ ఉండేవి. ఉక్కు తీగ ఊగితే అయస్కాంత క్షేత్రం చెదురుతుంది, కాయిల్‌లో చిన్న కరెంటు పుడుతుంది, యాంప్ దాన్ని పెంచి స్పీకరుకు పంపుతుంది. ఈనాటికీ పికప్ పనిచేసేది ఇలాగే.

మైకు గాలి కదలికను పడుతుంది. పికప్ పట్టేది ఉక్కు తీగ కదలికను. మరి అలాంటప్పుడు డొల్ల ఎందుకు? తీగ ఎలా ఊగాలో నిర్ణయించడంలో డొల్లకూ వాటా ఉంది కాబట్టి. తీగ మీటగానే అందులోని శక్తిని పల్చటి పైపలక త్వరగా లాక్కుంటుంది. అందుకే డొల్ల గిటారులో స్వరం ఠక్కున మొదలై, కాస్త ఉబ్బి, త్వరగా తగ్గుతుంది. నిండు కర్ర గిటారులో అదే స్వరం సన్నగా సాగుతూ పోతుంది. కళ్లు మూసుకున్నా ఈ తేడా తెలిసిపోతుంది.

1936లో గిబ్సన్ ఎఫ్ రంధ్రాల గిటారుకి పికప్ బిగించి ఇ.ఎస్.-150 పేరుతో అమ్మింది. ఇ.ఎస్. అంటే ఎలక్ట్రిక్ స్పానిష్. 150 అన్నది గిటారు, యాంప్, వైరు కలిపిన సెట్టు ధరను సూచించే అంకె, డాలర్లలో.

ఓక్లహోమా కుర్రాడు

ఆ గిటారుని ప్రపంచం చెవిన వేసినవాడు చార్లీ క్రిస్టియన్. 1916లో టెక్సాస్‌లో పుట్టాడు, ఓక్లహోమా సిటీలో పెరిగాడు. నిర్మాత జాన్ హామండ్ పట్టుబట్టి తీసుకెళ్లగా 1939 ఆగస్టులో బెనీ గుడ్‌మన్ బృందంలో చేరాడు. ఇ.ఎస్.-150 పికప్‌లో పైకి కనిపించేది ఒక సన్నటి ఇనుప పట్టీ, మూడు స్క్రూలు. పైపలక కింద మాత్రం రెండు పొడవాటి బరువైన అయస్కాంతపు కడ్డీలు వేలాడేవి. ఆ పికప్‌ని ఇప్పటికీ చార్లీ క్రిస్టియన్ పికప్ అనే పిలుస్తారు. క్లారినెట్, సాక్సఫోన్ పక్కన గిటారుని నిలబెట్టి, ఒక్కో స్వరంగా పొడుగాటి సంగతులు పలికించాడు. 1942 మార్చి 2న క్షయతో పోయేనాటికి ఆయన వయసు 25. తర్వాత వచ్చిన జాజ్ గిటారిస్టుల్లో చాలామంది ఆయన రికార్డులు విని నేర్చుకున్నవాళ్లే. ఇండియనాపొలిస్‌లో వెస్ మాంట్‌గమరీ ఆయన సోలోలను స్వరం పొల్లుపోకుండా వల్లెవేశాడు.

క్రిస్టియన్ రికార్డింగుల్లో నాకు బాగా ఇష్టమైనవి రెండూ పద్ధతి ప్రకారం జరిగినవి కావు. 1941 మార్చిలో ఒకరోజు గుడ్‌మన్ స్టూడియోకి రావడం ఆలస్యమైంది. ఈలోపు బృందం తనపాటికి తాను వాయించుకుంటుంటే ఇంజినీర్లు రికార్డింగు నడపనిచ్చారు. అది తర్వాత వెయిటిన్ ఫర్ బెనీ పేరుతో బయటికొచ్చింది. అదే ఏడాది మే నెలలో, హార్లెమ్‌లోని మింటన్స్ ప్లేహౌస్‌కు జెర్రీ న్యూమన్ అనే విద్యార్థి డిస్కు మీద రికార్డు చేసే యంత్రాన్ని మోసుకెళ్లి అర్ధరాత్రి గోష్ఠుల్ని పట్టి ఉంచాడు. మింటన్స్‌లో జనం గోల ఉంది, గది మోత ఉంది, గట్టిగా మీటినచోట యాంప్ గొంతు కాస్త బొంగురుపోతుంది. అయినా క్రిస్టియన్ ఎంత స్వేచ్ఛగా వాయించేవాడో అందులోనే తెలుస్తుంది. గిటారు, యాంప్, అవి ఉన్న గది మూడూ కలిసి ఒకే వాద్యమని నాకు నేర్పింది ఆ డిస్కులే.

కూత, గురక

డొల్ల గిటారుకి కరెంటు ఎక్కగానే రెండు చిక్కులు వచ్చాయి. మొదటిది కూత, అంటే ఫీడ్‌బ్యాక్. స్పీకరు శబ్దం గాలిలో వచ్చి పైపలకను కదిలిస్తుంది. పలక తీగల్ని కదిలిస్తుంది, పికప్ ఆ కదలికను పట్టుకుని మళ్లీ యాంప్‌కే పంపుతుంది. ఈ చుట్టు తిరిగేకొద్దీ శబ్దం పెరిగి హాలంతా హోరెత్తుతుంది. డొల్లలోని గాలికి సొంత శ్రుతి ఒకటుంటుంది, సుమారు 100 హెర్ట్జ్ చుట్టుపక్కల. కూత ఎక్కువగా ఆ మంద్ర స్వరాల దగ్గరే మొదలవుతుంది. ఒకే పనస దుంగ తొలిచి చేసిన బొబ్బిలి వీణకు కాంటాక్ట్ మైకు పెట్టినవాళ్లకు ఇది బాగా తెలుసు. కుండ ఏ స్వరం దగ్గర మోగుతోందో కచేరీకి ముందే వెతికి పట్టుకుని, ఈక్వలైజరులో అక్కడొక్కచోట తగ్గించాలి. ఎక్కువ తగ్గిస్తే వీణ వీణలా ఉండదు.

1940ల మొదట్లో లెస్ పాల్ అనే గిటారిస్టు దీనికి మొండి పరిష్కారం వెతికాడు. న్యూయార్క్‌లోని ఎపిఫోన్ ఫ్యాక్టరీలో సెలవు రోజుల్లో కూర్చుని, నాలుగంగుళాల చదరపు దూలానికి తీగలూ పికప్‌లూ బిగించాడు. చూసేవాళ్లకు గిటారులా కనబడటానికి ఒక డొల్ల గిటారుని రెండుగా కోసి దూలానికి చెరోవైపు అతికించాడు. దాన్ని లాగ్ అన్నారు. ఆ రెక్కలు వేషానికే, స్వరమంతా దూలానిదే. గిబ్సన్ కంపెనీ అప్పట్లో దాన్ని పట్టించుకోలేదు. 1950లో లియో ఫెండర్ నిండు కర్ర గిటారుని మార్కెట్లోకి తెచ్చాక మెత్తబడి, 1952లో లెస్ పాల్ పేరుతోనే ఒకటి విడుదల చేసింది.

డొల్లను వదలనివాళ్లు ఇంకో దారి పట్టారు. 1949లో వచ్చిన ఇ.ఎస్.-175కి చెక్కిన పలక లేదు. మేపుల్ పొరలు అతికించి అచ్చులో ఒత్తిన పలక వేశారు. అది కాస్త బిరుసు కాబట్టి అంత తేలిగ్గా ఊగదు, కూత తగ్గింది, ధరా తగ్గింది. జాజ్ గిటారు అనగానే ఇప్పటికీ చాలామంది చెవుల్లో మెదిలేది ఈ బిరుసు పలక స్వరమే.

రెండో చిక్కు గురక, అంటే హమ్. పికప్ కాయిల్ తీగలతోపాటు ఇంటి కరెంటు ఊగిసలాటను కూడా పట్టుకుంటుంది. అమెరికాలో అది 60 హెర్ట్జ్, మన దగ్గర 50. దానికి సేత్ లవర్ అనే గిబ్సన్ ఇంజినీరు మందు కనిపెట్టాడు. పక్కపక్కన రెండు కాయిల్స్ పెట్టి, ఒకదానికొకటి ఎదురుగా కలిపి, అయస్కాంత ధ్రువాలనూ తిరగేశాడు. తీగల కదలిక రెండింట్లోనూ కలిసి పెరుగుతుంది, బయటి గురక రెండింట్లోనూ ఎదురెదురై రద్దవుతుంది. అదే హంబకర్. 1955లో పేటెంటుకి దరఖాస్తు పెట్టారు, 1957 నాటికి గిటార్లలో వాడారు, 1959లో పేటెంటు వచ్చింది. దరఖాస్తు చేశామని చెప్పే చీటీ అంటించిన ఆ కాలపు పికప్‌లను ఇవాళ సేకరణకర్తలు ప్రాణంగా చూసుకుంటారు. ఇన్వర్టరు ఒక మూల, ఫ్యాను రెగ్యులేటరు ఇంకో మూల ఉండే నాలాంటి గదుల్లో లవర్‌కి రోజూ దండం పెట్టుకోవచ్చు.

మెంఫిస్, షికాగో

1954 జులై 5 రాత్రి మెంఫిస్‌లోని 706 యూనియన్ అవెన్యూలో, శామ్ ఫిలిప్స్ చిన్న స్టూడియోలో ముగ్గురు కుర్రాళ్లు ఒక పాట వాయించారు. ఎల్విస్ ప్రెస్లీ గొంతు, మామూలు గిటారు. బిల్ బ్లాక్ బేసు. స్కాటీ మూర్ చేతిలో బంగారు రంగు ఇ.ఎస్.-295, పూర్తి డొల్ల గిటారు. డ్రమ్స్ లేవు. తర్వాత కూర్చుని హెచ్చుతగ్గులు సరిచేసుకునే వీలు లేదు. ఎవరు మైకుకు ఎంత దూరం, ఎవరి యాంప్ ఎంత, ఈ లెక్క వాయించేటప్పుడే కుదరాలి. ఫిలిప్స్ తన సన్ కంపెనీ రికార్డుల్లో వినిపించే ఆ ప్రతిధ్వనిని రెండో టేపు యంత్రంతో పుట్టించాడు. టేపు మీద రాసే హెడ్డుకూ చదివే హెడ్డుకూ మధ్య దూరం వల్ల శబ్దం సెకనులో పదో వంతుకు అటూ ఇటూగా వెనకబడి వస్తుంది. దాన్ని అసలు శబ్దంలో కలిపాడు. స్లాప్‌బ్యాక్ అంటారు దాన్ని.

స్కాటీ మూర్‌కి స్టూడియోలో దొరికిన ఆ స్వరం వేదిక మీద కూడా కావాలనిపించింది. ఇలినాయ్ రాష్ట్రంలోని కైరో అనే ఊళ్లో రే బట్స్ అనే ఆయన టేపు ప్రతిధ్వనిని యాంప్ పెట్టెలోనే అమర్చి ఎకోసానిక్ తయారుచేశాడు. 1955లో మూర్ ఒకటి కొనుక్కున్నాడు. రికార్డింగు గదిలో పుట్టిన స్వరం వాయించేవాడి పెట్టెలోకి దిగింది. ఆ రాకపోకలు అప్పట్నుంచి ఆగలేదు.

షికాగోలో చక్ బెరీ పల్చటి డొల్ల గిటారుని, ఇ.ఎస్.-350టి రకాన్ని, ఒరుసుకుపోయేంత సౌండుతో వాయించాడు. 1958 జనవరిలో చెస్ కంపెనీకి జానీ బి గుడ్ రికార్డు చేశాడు. 1977లో నాసా వోయేజర్ నౌకల్లో పంపిన బంగారు రికార్డులో ఆ పాట ఉంది. కేసర్‌బాయి కేర్కర్ భైరవి కూడా అందులోనే ఉంది. ఆ రెండూ ఒకే పళ్లెంలో సూర్యమండలం దాటిపోవడం నాకు ఇప్పటికీ ఒళ్లు పులకరించే సంగతి.

నడుమ దిమ్మ

1958లో టెడ్ మెకార్టీ నాయకత్వంలో గిబ్సన్ ఇ.ఎస్.-335 తెచ్చింది. శరీరం మందం రెండంగుళాల లోపే. పైన, కింద ఒత్తిన మేపుల్ పలకలు. మెడ మొదలుకొని చివరిదాకా నడుమ మేపుల్ దిమ్మ. పికప్‌లు, బ్రిడ్జి ఆ దిమ్మ మీదే కూర్చుంటాయి. లెస్ పాల్ దూలానికి వేషం కోసం అతికించిన రెక్కలకు ఇక్కడ నిజంగా పని దొరికింది. దిమ్మ తీగల్ని నిలకడగా పట్టుకుంటుంది, రెక్కల్లోని గాలి స్వరానికి కాస్త ఊపిరి ఇస్తుంది. దానికి లవర్ హంబకర్లు తోడయ్యాయి. కూత ఎప్పుడు రావాలో చాలావరకు వాయించేవాడి చేతిలోకి వచ్చింది.

అందరూ ఆ ఒప్పందానికే కట్టుబడలేదు. బ్లూస్ గిటారిస్టు బి.బి. కింగ్ లూసిల్ అని పిలుచుకునే తన గిటారు ఎఫ్ రంధ్రాల్లో గుడ్డలు కుక్కేవాడు. 1980లో గిబ్సన్ ఆయన పేరు మీద చేసిన లూసిల్‌కు రంధ్రాలే పెట్టలేదు, లోపలి ఖాళీని మాత్రం ఉంచింది. ఇంకోవైపు, 1959లో వచ్చిన ఇ.ఎస్.-330కి అసలు దిమ్మే లేదు. దానికి చెల్లెలి వరస ఎపిఫోన్ కసీనో. బీటిల్స్‌లో పాల్ మెకార్ట్‌నీ 1964 చివర్లో ఒకటి కొన్నాడు, లెనన్, హారిసన్ 1966లో అదే దారిన వెళ్లారు. అంతకుముందే, 1964 అక్టోబరులో, లెనన్ పికప్ ఉన్న తన డొల్ల గిటారుని యాంప్‌కి ఆనించినప్పుడు లేచిన కూతను బీటిల్స్ ఐ ఫీల్ ఫైన్ పాటకు ఎత్తుగడగా పెట్టుకున్నారు. ఇరవై ఏళ్లకు పైగా తప్పించుకు తిరిగిన కూత ఆ రోజు పాటలో స్వరమైంది.

మైకు ముందు గాలి

రూడీ వాన్ గెల్డర్ పగలు కంటి పరీక్షలు చేసేవాడు. సాయంత్రాలు, సెలవు రోజులు న్యూజెర్సీ హ్యాకెన్‌సాక్‌లో తల్లిదండ్రుల ఇంటి ముందుగదిలో జాజ్ రికార్డు చేసేవాడు. 1959లో ఇంగిల్‌వుడ్ క్లిఫ్స్‌లో ఎత్తైన కర్ర పైకప్పుతో సొంత స్టూడియో కట్టుకున్నాడు. మైకులు ఎక్కడ పెడతాడో బయటివాళ్లకు చెప్పేవాడు కాదు. 1963 జనవరిలో అక్కడ కెనీ బరెల్ మిడ్‌నైట్ బ్లూ రికార్డు చేశాడు. అందులో పియానో లేదు. గిటారు, సాక్సఫోన్, బేసు, డ్రమ్స్, కాంగా, అంతే. పియానో ఖాళీ చేసిన చోటంతా గిటారుకే మిగిలింది. తీగ మీటినచోట పదును, ఆ వెనకే యాంప్ వెచ్చదనం, దాని వెనక గది, మూడూ విడివిడిగా వినిపిస్తాయి. అదే ఏడాది నవంబరులో గ్రాంట్ గ్రీన్ అక్కడే ఐడిల్ మొమెంట్స్ వాయించాడు. ఆయన చేతి గిటారు ఆ దిమ్మ లేని ఇ.ఎస్.-330. స్వరానికీ స్వరానికీ మధ్య ఆయన వదిలే విరామాల్లో ఆ గది ఎంత పెద్దదో చెవికి తెలుస్తుంది.

1973లో జో పాస్ ఒక్కడే కూర్చుని రికార్డు చేసిన వర్చువోసో ఇంకో కొసకు వెళుతుంది. అందులో యాంప్ కన్నా తీగల సొంత శబ్దమే ముందుంటుంది. పిక్ తగిలిన చప్పుడు, వేలు జారిన చప్పుడు దాచలేదు. పక్కన ఇంకో వాద్యం లేనప్పుడు డొల్ల గిటారు ఒక్కటీ చాలని ఆ రికార్డు రుజువు చేసింది.

నా గదిలో నేను చేసేది వీళ్ల పద్ధతుల కలబోత. యాంప్ స్పీకరుకు జానెడు దూరంలో, కోను నడుమకూ అంచుకూ మధ్య, షూర్ ఎస్.ఎమ్. 57 మైకు పెడతాను. నడుమకు జరిపితే స్వరం పదునెక్కుతుంది, అంచుకు జరిపితే మెత్తబడుతుంది. రెండో మైకు రెండు మూడు అడుగుల వెనక, గది కోసం. శబ్దం మిల్లీసెకనుకు సుమారు 34 సెంటీమీటర్లు నడుస్తుంది. రెండు మైకులకూ అది వేర్వేరు వేళల్లో చేరితే కలిపినప్పుడు కొన్ని స్వరాలు పీలగా అయిపోతాయి, కాబట్టి వెనక మైకును అంగుళం అంగుళం జరుపుతూ వినాలి. పాట నెమ్మదిదైతే మూడో మైకు, సన్నటి కండెన్సర్, ఎఫ్ రంధ్రానికి కాస్త పైన తీగల వైపు చూస్తూ. అప్పుడు ఫ్యాను ఆపాలి, యాంప్‌కీ గిటారుకీ మధ్య మందపాటి దుప్పటి కట్టాలి. వేసవిలో ఆ నాలుగు నిమిషాలు చెమటలో తడవాల్సిందే. వినేటప్పుడు ఆ చెమట గుర్తుండదు.

ఎంత ఖాళీ కావాలి

మనవాళ్లలో ఈ ప్రశ్నకు అందరికన్నా స్పష్టంగా జవాబు చెప్పినవాడు పాలకొల్లులో 1969లో పుట్టిన ఉప్పలపు శ్రీనివాస్. డొల్ల మాండొలిన్‌లో స్వరం మీటీ మీటగానే ఆరిపోతుంది, జంట తీగల మీద గమకం లాగడం కష్టం. ఆయన ఎలక్ట్రిక్ మాండొలిన్ తీసుకుని, జంటలు తీసేసి ఐదు ఒంటి తీగలు పెట్టుకున్నాడు. ఆలాపనలో స్వరం నిలవాలి, నిలవడానికి నిండు కర్ర, కరెంటు కావాలి. 335 చేసినవాళ్లది ఇంకో అవసరం. వాళ్లకు స్వరం నిలవాలి, ఊపిరీ తీయాలి. సంగీతం ఏమడిగితే ఖాళీ అంత. ఈ చరిత్ర అంతా చదివాక నాకు మిగిలిన లెక్క అదే.

ఇప్పుడు నా దగ్గరికి వచ్చే కుర్రాళ్లలో చాలామంది గిటారుని నేరుగా కంప్యూటరుకి తగిలించి హెడ్‌ఫోన్లు పెట్టుకుని వాయిస్తారు. యాంపునూ స్పీకరునూ మైకునూ సాఫ్ట్‌వేరే అనుకరిస్తుంది, చాలా బాగా అనుకరిస్తుంది. నిండు కర్ర గిటారుకి నేనేమీ అభ్యంతరం చెప్పను. సెమీ అకౌస్టిక్ తెచ్చినవాళ్లకు మాత్రం, తమ్ముడూ, ఆ హెడ్‌ఫోన్లు తీసి యాంప్ పక్కన కూర్చో అంటాను. హెడ్‌ఫోన్లలో వాయిస్తే స్పీకరు గాలి గిటారు దాకా రాదు. రెక్కల్లోని ఖాళీని కదిలించేవాళ్లు ఉండరు. సేత్ లవర్, టెడ్ మెకార్టీ, కలమజూలో ఆ పలకలు ఒత్తిన పనివాళ్లు కూతను అదుపులో పెట్టడానికి అంత శ్రమపడీ ఆ ఖాళీని పూడ్చకుండా ఉంచింది స్పీకరు నుంచి తిరిగొచ్చే ఆ గాలి కోసమే. యాంప్‌కి మూడడుగుల దూరంలో కూర్చుని ఒక స్వరం పట్టి ఉంచితే, పైపలక మోచేతి కింద అదరడం తెలుస్తుంది, స్వరం ఆరిపోవలసినచోట ఇంకాస్త నిలుస్తుంది. ఒకసారి అది అనుభవమయ్యాక ఏ కుర్రాడికీ నేను రెండోసారి చెప్పాల్సిన అవసరం రాలేదు. యాంప్ ఎక్కడ పెట్టాలో వాళ్లే అడుగుతారు.